అడిగితేనే చెప్పాలి

జూన్ 2, సోమవారం

తుంటి విరిగి ఇరవై నాలుగు రోజులు. ఆపరేషన్ అయి ఇరవై ఒకటి. నిన్న మా అమ్మాయి ఈ నోట్‌బుక్ తెచ్చి మంచం మీద పడేసింది. "రాసుకో నాన్నా, కాస్త మమ్మల్ని వదులు" అంది. మమ్మల్ని అంటే తనని, అల్లుణ్ణి, డాక్టర్లని, మొత్తం లోకాన్ని. సరే, వదిలాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు గనక మర్యాదలు అక్కర్లేదు.

మా పాత ప్రిన్సిపాల్ పోయాడట. సంతాపసభలో మేధావి అన్నారట. ఆ మనిషి ఆసాంతం చదివిన పుస్తకం ఒక్కటే, టెలిఫోన్ డైరెక్టరీ. మత విశ్వాసానికి ఆధారాలు లేవని నేను రెండు వందల పన్నెండు పేజీల్లో నిరూపిస్తే, ఆ పుస్తకాన్ని కాలేజీ లైబ్రరీకి కొననివ్వకుండా అడ్డుపడింది అతనే. మిగిలిన కాపీలు గోడౌన్‌లో ఎలకలు చదివాయి. ముప్ఫై ఆరేళ్ళు తర్కం చెప్పాను. ఎలకలే నయం, చదివినంతవరకు నమిలి చదివాయి.

ఈ వార్డులో ఎనిమిది మంచాలు. నాది ఆరోది. ఎడమ పక్క గోడ, కుడి పక్క ఏడో మంచం. ఏడో మంచంలో ఒక రిటైరైన లారీ డ్రైవర్, రెండు కాళ్ళకీ ప్లాస్టర్. గురక పెట్టనప్పుడు మాట్లాడతాడు, మాట్లాడనప్పుడు గురక పెడతాడు.

నడుం కింద నాకు పుండు పడింది. బెడ్ సోర్. అందుకని రెండు గంటలకోసారి నన్ను తిప్పుతారు. గోడవైపు ఒకసారి, డ్రైవర్ వైపు ఒకసారి. తిప్పే నర్సుకి నలభై దాటి ఉంటాయి. ఛాతీ మీద తలకిందులుగా వేలాడే చిన్న వాచీ. దాన్ని చూసుకుని ఠంచనుగా వస్తుంది. గడియారం అని పేరు పెట్టాను. నర్సుల గది తలుపు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది, నా మంచం మీంచి కనిపిస్తుంది. భోజనానికి ముందు అరనిమిషం కళ్ళు మూసుకుంటుంది గడియారం.

అంటే ఇక్కడ కూడా ప్రార్థనలు తప్పలేదన్నమాట.

జూన్ 3, మంగళవారం

గడియారం మందుల బండి తోసుకుంటూ వచ్చింది.

"నొప్పి ఎంతుంది మాస్టారూ, పదికి?"

"ఏడు."

మాత్ర చేతిలో పెట్టింది. మింగి అడిగాను. "నువ్వు దేవుణ్ణి నమ్ముతావా?"

"అడుగుతున్నారా, ఊరికే అంటున్నారా?"

"తేడా ఏమిటి?"

"ఉంది. పేషెంటు అడక్కుండా మేం మతం మాట ఎత్తకూడదు. రూలు. అడిగితే చెప్పొచ్చు."

"అడుగుతున్నాను."

"నమ్ముతాను. క్రీస్తుని నమ్ముతాను."

"ఆధారం?"

ఆమె నా చార్టులో ఏడు వేస్తోంది. పెన్ను ఎత్తకుండానే, "మీ ఏడుకి ఆధారం ఏంటి మాస్టారూ?" అంది.

ఏడో మంచం కదిలింది. "మాస్టారికి గట్టిగా తగిలింది. ఎనిమిది వేసుకోమ్మా" అన్నాడు డ్రైవర్.

నేను ఊరుకుంటానా. నొప్పి నా ఒంటి సంగతి, దాని గురించి చెప్పే అధికారం నాకొక్కడికే ఉంది, నువ్వు చెప్పేది సృష్టి మొత్తం సంగతి, రెండూ ఒకే తక్కెడలో ఎలా పెడతావు అన్నాను. ఆమె ఒప్పుకుంది. "నిజమే, తేడా ఉంది. నేననేది ఒక్కటే. రుజువు చేతికొచ్చాకే మందిస్తామంటే ఈ వార్డులో ఎవరికీ మందు పడదు. చెప్పే మనిషిని చూస్తాం, చెప్పేది పొసుగుతుందో లేదో చూస్తాం, అప్పుడు నమ్ముతాం. గుడ్డిగా కాదు" అని బండి తోసుకుంటూ ఎనిమిదో మంచానికి వెళ్ళింది.

వాదన బలహీనమైనదే. కానీ క్లాసులో ముప్ఫై ఆరేళ్ళలో ఎవరూ నన్ను అలా తిరిగి అడగలేదు.

జూన్ 5, గురువారం

నిన్న, ఇవాళ కూడా నేనే పిలిచాను. పుండుకి కట్టు మార్చేటప్పుడు ఇరవై నిమిషాలు పడుతుంది. నేను గోడవైపు, ఆమె నా వెనక. మొహం కనపడని ప్రత్యర్థితో వాదించడం కష్టమే.

చచ్చిపోయినవాడు లేచాడని నీ అంత చదువుకున్న మనిషి ఎలా నమ్ముతుంది అన్నాను. దూది ముంచుతున్న చప్పుడు. తర్వాత చెప్పింది. "ఆ ఉదయం క్రీస్తు సమాధి దగ్గరికి మొదట వెళ్ళింది ఆడవాళ్ళు మాస్టారూ. ఎందుకు వెళ్ళారు? శవానికి సుగంధ ద్రవ్యాలు పూసి సరిగా చుట్టడానికి. అంటే మా పనికే. ఇక్కడ ఎవరైనా పోతే మేం చేసేది అదే. అద్భుతం చూద్దామని వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ సాక్ష్యానికి విలువ లేదు. కథ అల్లేవాడైతే పెద్దమనుషుల్ని పెట్టుకుంటాడు సాక్షులుగా. పైగా మగ శిష్యులంతా పారిపోయారని వాళ్ళే చెప్పుకున్నారు. తమ పరువు పోయే మాట ఎవరైనా కల్పించి చెప్తారా?"

"పుకార్లు అలాగే పుడతాయి."

"పుడతాయి. అందుకే రుజువైందని అనట్లేదు. తూచి చూస్తే నాకు ఇటు మొగ్గింది అంటున్నా. మీకు అటు మొగ్గింది."

"అంతేనా?"

"ఇంకోటి. ఆ సమాధి గుహకి అడ్డం పెట్టిన రాయి తమ వల్ల కదలదని వాళ్ళకి తెలుసు. ఎవరు దొర్లిస్తారో తెలీకుండానే బయల్దేరారు. డ్యూటీ అంటే అంతే మాస్టారూ. పొద్దున ఇద్దరే స్టాఫ్ అని తెలిసీ వస్తాం కదా."

డ్రైవర్ అందుకున్నాడు. "మా లారీలకి బ్రేకులుండవని తెలిసీ ఎక్కేవాళ్ళం."

దీనికి జవాబు రాసి పెట్టుకున్నాను. నాలుగు పాయింట్లు. రెండోది బలమైంది.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ గడియారానికి సెలవు. వేరే పిల్ల వచ్చింది. నన్ను రెండుసార్లు తిప్పి, డ్యూటీ దిగేముందు ఒకే పెన్నుతో ఒకే ఊపులో చార్టులో తిప్పిన లెక్క రాసే ఆరు గళ్ళలోనూ సంతకం పెట్టింది.

జూన్ 7, శనివారం

పుండు మండుతోంది. గడియారం రాగానే అడిగాను, నిన్న నన్ను ఆరుసార్లు తిప్పినట్టు ఉందా అని. చార్టు చూసింది. పాత కాగితాలు తిరగేయించాను. ఆమె డ్యూటీ రోజుల్లో అక్కడక్కడా ఖాళీ గళ్ళు, తిప్పడం కుదరనివి. ఖాళీ ఉంచినందుకు హెడ్ సిస్టర్ ఆమెని తిడుతుందని డ్రైవర్ చెప్పాడు. ఆరు గళ్ళూ నింపిన పిల్లని ఎవరూ తిట్టరు.

"దొంగ సంతకం పెడితే దేవుడు చూస్తాడని భయమా?"

"ఆ గడి మీ వీపు గురించి. నా భక్తి గురించి కాదు. తిప్పలేదని ఉంటే తర్వాత వచ్చేవాళ్ళు ముందు మిమ్మల్ని చూస్తారు."

"అయితే నీ నమ్మకానికీ ఈ పనికీ సంబంధం లేనట్టే."

దుప్పటి సర్దింది. "ఐసీయూలో నాకో స్నేహితురాలుంది. దేన్నీ నమ్మదు. నాకంటే బాగా పని చేస్తుంది. కాబట్టి నమ్మితేనే మంచి నర్సు అవుతారని నేననను."

"మరి?"

"మూడో మంచం తాతగారు మొన్న నా మీద ఉమ్మారు. ఆయనకి తెలివి లేదు, ఎవరూ రారు, బాగవ్వరు కూడా. ఆయన ఒంటిని శుభ్రంగా తుడవడానికి నాకో కారణం కావాలి. ఆయన మంచితనం మీదో, నా మూడ్ మీదో ఆధారపడనిది. ఆ మనిషిని చేసినవాడికి ఆయనంటే ప్రేమ, అది నిజమైతే నేను తుడిచేది చిన్న పని కాదు. నిజం కాకపోతే..." ఆగింది. "నిజం కాకపోయినా తుడుస్తాననుకోండి. జీతమిస్తున్నారు."

"కారణం లేకుండా చేసేవాడే గొప్పవాడు కాదూ?"

"గొప్పవాళ్ళు చేస్తారు మాస్టారూ. నేను ఈ వార్డూ పక్క వార్డూ కలిపి షిఫ్టుకి పద్దెనిమిది మందిని చూసుకోవాలి."

నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. సాయంత్రం అమ్మాయి వచ్చి, "ఏంటి, మొహం తేటగా ఉంది?" అంది. లైటు వెలుగు అన్నాను.

జూన్ 9, సోమవారం

స్నానం చేయించారు. ఏమీ జరగలేదు.

జూన్ 10, మంగళవారం

పొద్దున గడియారం వస్తే మాట్లాడలేదు. నొప్పి ఎంత అంటే చెప్పలేదు. ఖాళీ వదిలి వెళ్ళింది.

తర్వాత ఫిర్యాదు ఫారం తెప్పించుకుని రాశాను. ఫారంలో నాలుగు గీతలే ఉంటాయి, వాటి మీద నాలాంటివాడు ఏం రాస్తాడు. విడిగా మూడు పేజీలు జత చేశాను. మంచాన పడ్డ మనిషి కదల్లేడు, లేచి పోలేడు, తలుపు వేసుకోలేడు. అలాంటివాడి ముందు మతం మాట్లాడటం బలహీనత మీద దెబ్బ కొట్టడమే. తేదీలన్నీ ఇచ్చాను. భాష చాలా బాగా కుదిరింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెయ్యి తడబడలేదు.

ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదు. ఇది సూత్రం. పద్దెనిమిదేళ్ళ కిందట మా ఆవిడ ఆఖరి రోజుల్లో కూడా ఒక నర్సు మీద ఇలాగే రాశాను. అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే.

"ఏం రాస్తున్నారు మాస్టారూ అంత దీక్షగా, వీలునామానా?" అన్నాడు డ్రైవర్.

"నీకేమీ రాయలేదు, పడుకో."

జూన్ 11, బుధవారం

హెడ్ సిస్టర్ వచ్చింది. ఫిర్యాదు అందిందని, విచారణ అయ్యేదాకా ఆ నర్సు మా వార్డుకి రాదని చెప్పింది. లోపల సంతోషించిందో బాధపడిందో మొహం చూస్తే తెలియలేదు. ఖాళీ గళ్ళ బెడద తీరుతుంది కదా.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. డ్రైవర్ సంగతి అప్పటికే చెవిన వేశాడు. కుర్చీలో కూర్చోకుండానే, "మళ్ళీనా నాన్నా?" అంది.

"ఏం మళ్ళీ?"

"అమ్మ విషయంలో చేశావు చూడు, అదే."

"అది వేరు."

"ఏం వేరు?"

చెప్పాను. వృత్తి ధర్మం గురించి, రోగి హక్కు గురించి. సగంలో వెళ్ళిపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే, కోపం వస్తే జవాబివ్వదు. తల్లి పోలిక.

జూన్ 12, గురువారం

నేను చేసింది సరైనదే.

జూన్ 13, శుక్రవారం

కొత్త సిస్టర్. చేతులు చల్లగా ఉంటాయి, వేడి చేసుకుని ముట్టుకోవాలని ఆమెకి తోచదు. మంచం అంచున మూట తిప్పినట్టు తిప్పుతుంది. చార్టు మాత్రం దివ్యంగా ఉంది.

చదవబోతే ఒక్క పేజీ సాగడం లేదు. చూపు నర్సుల గది తలుపు మీదికి పోతోంది. మధ్యాహ్నం నుంచి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే. మళ్ళీ లెక్కపెట్టాను.

నేను చేసింది సరైనదే. సరైన పని చేసినవాడికి స్థిమితంగా ఉండాలి. ఇది వాదన కాదు, తెలుసు.

జూన్ 14, శనివారం

డ్రైవర్ ఇవాళ నవ్వకుండా మాట్లాడాడు.

"ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం మాస్టారూ. నాలుగేళ్ళుగా ఏడాదికోసారి పొడిగిస్తున్నారు. ఈ నెలలో మళ్ళీ చూడాలి. వచ్చే గురువారం మీ ఫిర్యాదు మీద కమిటీ కూర్చుంటుందంట. పేషెంటు అడక్కుండా ఒక్కసారి మతం మాట్లాడినట్టు తేలినా పొడిగించరు. ఇంటికే."

"తేలితే తేలనీ."

"రోజూ పిలిచి అడిగింది మీరు కాదూ? నేను ఈ చెవులతో విన్నా. కమిటీకి చెప్తా."

"నువ్వు సగం సేపు గురక పెడుతూ ఉంటావు. నీ సాక్ష్యం చెల్లదు."

"మిగతా సగం సేపు విన్నా కదా" అని అటు తిరిగాడు. ప్లాస్టర్ కాళ్ళతో అటు తిరగడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. అంత కష్టపడి తిరిగాడు.

జూన్ 16, సోమవారం

రూలు ప్రకారం ఆమె ఇచ్చిన వివరణ కాపీ నాకు చూపించాలట. హెడ్ సిస్టర్ తెచ్చింది. ఒకే పేజీ. నర్సుల చేతిరాత, అన్నీ విడివిడి అక్షరాలు. నా మూడు పేజీల పక్కన పెడితే మందుల చీటీలా ఉంది.

"జూన్ 3, 4, 5, 7 తేదీల్లో పేషెంటు అడిగితే నా నమ్మకం గురించి చెప్పాను. అడిగినంతవరకే చెప్పాను. జూన్ 9 ఉదయం స్నానం చేయించేటప్పుడు పేషెంటు దుఃఖంలో ఉన్నారు. అప్పుడు ఆయన అడగకుండానే ప్రార్థన గురించి ఒక మాట అన్నాను. అది రూలుకి విరుద్ధం. ఆ సమయంలో తెరలోపల మేమిద్దరమే ఉన్నాం."

కింద సంతకం.

ఆ తేదీ నా ఫిర్యాదులో లేదు. నేను రాయలేదు. ఆమె ఎత్తకపోతే ఎవరికీ తెలిసేది కాదు. డ్రైవర్‌ని అప్పుడు ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు.

వెనక్కి తిప్పి చూశాను. ఈ నోట్‌బుక్‌లో జూన్ 9 కింద ఏమీ జరగలేదు అని ఉంది. నేను తప్ప ఎవరూ చదవని నోట్‌బుక్‌లో.

సరే. రాస్తాను.

తెర లాగింది. నీళ్ళు మోచేత్తో చూసుకుంది, పసిపిల్లలకి చూసినట్టు. వీపు తుడిచి, కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క వేలూ విడదీసి తుడిచింది. ఇరవై ఏళ్ళుగా నా పాదాలు ఎవరూ ముట్టుకోలేదు. మా ఆవిడ గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు, ఏడుపొచ్చింది. ఊరికే కళ్ళు చెమర్చడం కాదు. ముక్కు కారి, అసహ్యంగా. ఆమె తువ్వాలు అందించి తల తిప్పుకుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆవిడ పోయేముందు నేనొక పని చేశాను అన్నాను. ఏం పనో చెప్పలేదు. ఏదైనా చెప్పు అన్నాను. రెండుసార్లు అన్నాను. ఏదైనా చెప్పు.

నీళ్ళు చల్లారిపోతున్నాయి. చివరికి, "మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తాను మాస్టారూ" అంది. నా కాళ్ళు ఆరబెట్టి, దుప్పటి కప్పి, తెర తీసి వెళ్ళింది.

మర్నాడు ఫిర్యాదు రాశాను.

జూన్ 17, మంగళవారం

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాయాలి. నాలుగు చిత్తులు రాసి చింపాను. నా జీవితంలో అచ్చైన ఒక్క వాక్యం వెనక్కి తీసుకోలేదు. దాని గురించి సభల్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మధ్యాహ్నం హెడ్ సిస్టర్‌ని పిలిచి అడిగాను, ఊరికే రద్దు చేసుకుంటే కుదరదా అని. కుదరదట. నర్సు తప్పు ఒప్పుకుంది గనక ఫిర్యాదు ఉన్నా లేకపోయినా విచారణ జరుగుతుంది. "మీకేమైనా చెప్పాల్సి ఉంటే వచ్చి చెప్పండి. తీసుకెళ్ళడానికి మనిషిని మాత్రం ఇవ్వలేను, స్టాఫ్ లేరు. మీవాళ్ళని రమ్మనండి" అంది.

మావాళ్ళంటే ఒక్కతే.

జూన్ 18, బుధవారం

అమ్మాయికి ఫోన్ చేశాను. రేపు పదింటికి వీల్‌చైర్ తోయాలి అన్నాను. ఎక్కడికి అంది. చెప్పాను. "సెలవు పెడతా" అంది.

నేను చెప్పేది ఆమె కూడా వింటుంది. కుర్చీ తోసి బయట ఉండమనొచ్చు. ఉండమంటే ఉంటుంది.

రేపటికి గడ్డం గీయించుకున్నాను.

జూన్ 19, గురువారం

రెండో అంతస్తులో చిన్న గది. బల్లకి అటు ముగ్గురు. సూపరింటెండెంట్, మేట్రన్, ఫైలు పట్టుకున్న ఆఫీసాయన. ఇటు ఒక చివర గడియారం. వాచీ పెట్టుకోలేదు. యూనిఫాం కూడా కాదు, మామూలు బట్టల్లో ఉంటే వేరే ఎవరో అనుకున్నాను. అమ్మాయి నన్ను తోసుకొచ్చి, బ్రేకు వేసి, గోడ దగ్గర నిలబడింది. బయట ఉండమని నేను అనలేదు. నోరు రాలేదో, కావాలనే ఊరుకున్నానో.

మొదటి నాలుగు తేదీలూ నేనే పిలిచి అడిగానని చెప్పాను. ఆఫీసాయన రాసుకున్నాడు. డ్రైవర్ ఇచ్చిన వాంగ్మూలం కూడా అలాగే ఉందట.

"అవి వదిలేయండి. సమస్య తొమ్మిదో తారీకు" అన్నాడు. "ఆవిడే ఒప్పుకుంది, మీరు అడగలేదని."

"అడిగాను. ఏదైనా చెప్పు అన్నాను. రెండుసార్లు అన్నాను."

అతను ఆమె వైపు చూశాడు. "నిజమేనా?"

"ఏదైనా చెప్పమన్నారు సార్. ప్రార్థన గురించి చెప్పమనలేదు. నీళ్ళు చల్లబడ్డాయా అని నేను అడిగి ఉండొచ్చు. ఆ మాట నేను ఎంచుకున్నదే."

మూర్ఖురాలు. చెయ్యి అందిస్తుంటే పట్టుకోదు.

ఆఫీసాయన నా మూడు పేజీలు ఎత్తి చూపించాడు. "ఇది మీ చేతిరాతే కదండీ. ఇందులో ఆవిడ మిమ్మల్ని రోజూ వేధించిందని ఉంది. ఇవాళ మీరే అడిగానంటున్నారు. పది రోజుల్లో ఏది నిజమో ఎలా మారింది? మీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా? మీరిప్పుడు చెప్పేదానికి ఆధారం ఏమిటి?"

మర్యాదగానే అడిగాడు. ఆ ప్రశ్న అలాగే అడగాలి. నేను వేల మందికి నేర్పిన ప్రశ్న. ఆధారం లేదు. తెరలోపల ఇద్దరమే, అందులో ఒకరు తనకి వ్యతిరేకంగా చెప్తోంది.

"ఆధారం లేదు. ఇంకో సంగతి చెప్తాను. విన్నాక నమ్మాలో వద్దో మీరే చూసుకోండి" అన్నాను.

చెప్పాను. పద్దెనిమిదేళ్ళ కిందట వేరే ఆసుపత్రిలో నా భార్య చనిపోతోంది. ఒక చిన్న వయసు నర్సు ఉండేది. మా ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ దేవుడి మీద నేనేసే జోకులకి నవ్విన మనిషి. అలాంటిది నా కళ్ళముందే ఆ పిల్లని ప్రార్థన చెయ్యమని అడిగింది. నన్ను ఒక్క మాట అడగలేదు. నలభై ఏళ్ళు నవ్వింది నా కోసమా, జోకుల కోసమా అని ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు కాగితం రాశాను. ఆ నర్సు ప్రాణం పోతున్న మనిషికి బలవంతంగా మతం ఎక్కిస్తోందని రాశాను. అబద్ధం. ఆ పిల్లని తీసేశారు. ఆమె తరఫున చెప్పడానికి మా ఆవిడకి ఓపిక లేదు, నాకు ఉంది, నేను చెప్పలేదు.

"ఆ తర్వాత పదకొండు రోజులు మా ఆవిడ బతికింది" అన్నాను. "ఆ అమ్మాయి వచ్చిందా అని రోజూ అడిగేది. సెలవులో ఉందని చెప్పేవాణ్ణి."

గోడ దగ్గర నించున్నామె వైపు నేను చూడలేదు. చూడాలంటే బ్రేకు తీసి కుర్చీ తిప్పాలి.

"ఇది ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పడం వల్ల నాకు ఒరిగేదేమీ లేదు, పోయేదే ఉంది. ఈ రెండో కాగితం కూడా అలాంటిదే. తొమ్మిదో తారీకు నేను ఏడుస్తుంటే ఈవిడ చూసింది. అదొక్కటే ఈవిడ చేసిన తప్పు."

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "రాసివ్వగలరా?" అన్నాడు.

రాశాను. ఫిర్యాదు అబద్ధమని, పాతది కూడా అబద్ధమని. ఒక పేజీ కూడా నిండలేదు.

మమ్మల్ని బయట కూర్చోబెట్టి ఇరవై నిమిషాలకి మేట్రన్ వచ్చి చెప్పింది. కాంట్రాక్టు పొడిగిస్తారు. తొమ్మిదో తారీకు మాటకి హెచ్చరిక ఫైల్లో ఉంటుంది. ఫిర్యాదు చేసినవాళ్ళ వార్డులో ఆ నర్సుని వెయ్యరు గనక ఆమెని పిల్లల వార్డుకి మారుస్తారు.

గడియారం నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞతలు చెప్తుందేమో, ఎలా తప్పించుకోవాలా అని చూశాను. "పుండు ఎలా ఉంది?" అంది.

"పెరిగింది."

"కొత్త సిస్టర్‌కి చెప్పండి, దిండు మోకాళ్ళ మధ్యే కాదు, వీపు వెనకా రెండు పెట్టమని. మీరు చెప్పకపోతే పెట్టరు."

"నాకింకా నమ్మకం కలగలేదు. నాలుగు పాయింట్లున్నాయి" అన్నాను.

"ఉంచుకోండి మాస్టారూ" అని వెళ్ళింది.

అమ్మాయి కుర్చీ తోసుకొచ్చి, మంచం మీద వెయ్యడానికి సాయం పట్టి, బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్ 20, శుక్రవారం

రాలేదు.

జూన్ 21, శనివారం

రాలేదు. డ్రైవర్ ఒక బత్తాయి వలిచి సగం ఇచ్చాడు. ఏమీ అడగలేదు. అతను ఏమీ అడగకపోవడం ఇదే మొదటిసారి.

జూన్ 22, ఆదివారం

డ్రైవర్‌ని పొద్దున ఇంటికి పంపేశారు. ఏడో మంచం ఖాళీ.

మూడింటికి అమ్మాయి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మ ఏమని అడిగేది?"

"ఆ అమ్మాయి వచ్చిందా అని."

"అలాగేనా? ఆ మాటలేనా?"

"ఆ మాటలే."

"పదకొండు రోజులూ?"

"పది. ఆఖరి రోజు అడగలేదు."

"నేను ఆ ఆఖరి రోజు పక్కనే ఉన్నా నాన్నా. నాకు తెలిసుంటే వెళ్ళి ఆ అమ్మాయిని వెతికి తీసుకొచ్చేదాన్ని."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

ఆ మాట నేను అంటానని నాకు ముందు తెలీదు. అన్నాక అది నిజమని తెలిసింది.

తర్వాత చల్ల చేతుల సిస్టర్ వచ్చింది, తిప్పే టైమైంది. గోడవైపు తిప్పింది. మోకాళ్ళ మధ్య దిండు, నేను అడిగితే వీపు వెనక ఇంకో రెండు. సంతకం పెట్టి వెళ్ళింది.

ఇది పక్కకి పడుకుని, నోట్‌బుక్ గోడకి ఆనించి పెన్సిల్‌తో రాస్తున్నాను. అక్షరాలు కిందికి జారుతున్నాయి. నా ముందు పెచ్చులూడిన గోడ. మెడ అంతదూరం తిరగదు, దిండ్లు అడ్డం. కుర్చీ నా వెనక ఉంది.

ఉన్నావా అని అడిగాను. జవాబు లేదు. కోపం వస్తే జవాబివ్వదు, చిన్నప్పటి నుంచీ అంతే. వెళ్తున్నానని చెప్పలేదు. సిస్టర్ తిప్పేటప్పుడు వెళ్ళిందేమో, ఆ హడావుడిలో నాకు వినపడలేదేమో. రెండూ సాధ్యమే.

ఉందనుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట చాలా సిగ్గేసింది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి చెప్పుకొస్తున్నాను. ఆ నర్సు ఎలా ఉండేదో చెప్పాను, వాళ్ళమ్మ ఆ పిల్ల చెయ్యి ఎలా పట్టుకునేదో చెప్పాను. అయిదో రోజు దాకా వచ్చాను. నోరు ఎండిపోతే ఆగి, ఇది రాశాను.

మళ్ళీ తిప్పడానికి ఇంకో గంటంపావు. ఆరో రోజు నుంచి చెప్పాలి.